ఇరవై ఆరు మందికి ఒక్క పట్టీ

ఆ బిళ్ళను నా కూతురి చెవి వెనక అంటించే ముందు డాక్టర్ మైథిలి గారిని నేను ఏడు ప్రశ్నలు అడిగాను. వేడెక్కుతుందా, చెమట పడితే షాకు కొడుతుందా, పిడుగులు పడే రోజు తీసేయాలా, పిల్ల పీకి మింగేస్తే ఏం చేయాలి, చర్మం ఊడుతుందా, పెద్దయ్యాక చెవుడు వస్తుందా. ఆరింటికీ ఆవిడ ఓపికగా జవాబు చెప్పారు. ఏడోది అడగడానికి నాకే సిగ్గేసింది. మా ఇంట్లో మేము అనుకునే మాటలన్నీ పిల్ల మనసులోంచి టీచరుకు వినిపించేస్తాయా అని అడిగాను.

"మాటలు వినపడవు దమయంతీ" అన్నారావిడ. "పిల్ల ఒంట్లో ఏం జరుగుతోందో అదే టీచరు ఒంట్లో కాసేపు జరుగుతుంది. అంతే."

ఆ అంతే అనడం నాకు నచ్చలేదు. కానీ టెన్త్ తప్పిన నేను అంత చదువుకున్న మనిషిని ఎనిమిదో ప్రశ్న ఏమని అడుగుతాను? తల ఊపాను. అంటించారు. పావలా కాసంత కూడా లేదది. నా కూతురు పూర్విక ఏడవలేదు. ఏడవబోయి ఒకసారి నా మొహంలోకి చూసింది. నేను నవ్వు తెచ్చిపెట్టుకున్నాను.

మాది పలాస పక్కన చిన్న పేట. ఆడవాళ్ళం చాలామందిమి వీధి చివర జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పనికి వెళ్తాం. పిల్లల్ని అంగన్‌వాడీలో దింపి వెళ్తాం. అక్కడ ఇరవై ఆరుగురు పిల్లలు, ఊర్మిళ టీచరు, వండిపెట్టి ముక్కులు తుడిచే ఆయా గున్నమ్మ. మైథిలి గారు విశాఖపట్నం నుంచి వచ్చారు. పసిపిల్లల చదువు మీద దేశదేశాల్లో ఏళ్ళ తరబడి జరిగిన పరిశోధనలన్నీ చదివి, అక్కడివాళ్ళతో కూర్చుని ఈ బిళ్ళలనూ, వాటికి జతగా టీచరు చేతికి కట్టే పట్టీనీ తయారుచేసినవాళ్ళలో ఆవిడొకరు. మూడేళ్ళ పిల్ల పలక చూసి నేర్చుకోదనీ, తనను పట్టించుకునే మనిషిని చూసి నేర్చుకుంటుందనీ, ఇది ఏ దేశంలో చూసినా ఒకటేననీ ఆవిడ తల్లుల మీటింగులో చెప్పారు. పట్టించుకోవడం ఎలాగో పెద్దవాళ్ళం మరిచిపోతామట. అది గుర్తుచేయడానికే ఈ పట్టీ.

చెప్పడం అక్కడితో ఆపి చేసి చూపించారు. టీచరు మణికట్టుకు నల్లటి పట్టీ కట్టారు. దాని మీద చిన్న చక్రం, చుట్టూ అంకెలు. ఏ అంకె దగ్గర ఆపితే ఆ పిల్లది తెలుస్తుంది. సున్నా దగ్గర ఉంచితే అందరిదీ కలిపి సన్నగా తెలుస్తుంది. ఆవిడ పదకొండు దగ్గర ఆపారు. పదకొండంటే ఢిల్లీశ్వరి. మేమందరం ఢిల్లీ అని పిలుస్తాం. ఆ పిల్ల పొద్దుటినుంచి గుక్కపట్టి ఏడుస్తోంది. బంతి కోసమని అందరం అనుకున్నాం. బంతి ఇస్తే విసిరికొట్టింది కూడా. చక్రం ఆగగానే ఊర్మిళ టీచరు ఒక్కసారి మెడ విదిలించి, చేత్తో వెనక గోక్కున్నారు. మరుక్షణం లేచి వెళ్ళి ఢిల్లీ గౌను మెడ వెనక కుట్టి ఉన్న కంపెనీ పేరున్న గరుకు ముక్కను కత్తెరతో తీసేశారు. ఏడుపు కుళాయి కట్టినట్టు ఆగిపోయింది.

తల్లులందరం చప్పట్లు కొట్టాం. ఆ రోజే దానికి తోడుపట్టీ అని పేరు పెట్టుకున్నాం.

మైథిలి గారు ఒక ఫొటోల పుస్తకం కూడా అందరి చేతుల్లోకి పంపించారు. ఎక్కడో మంచు పడే దేశాల్లో బళ్ళు. ఎర్రటి బుగ్గల పిల్లలు నేల మీద కూర్చుని ఉన్నారు, పక్కన పట్టీ కట్టుకున్న ఒక మనిషి. నేను లెక్కపెట్టాను. ప్రతి ఫొటోలోనూ నలుగురే పిల్లలు. మిగతావాళ్ళు బయట మంచులో ఆడుకుంటున్నారేమో అనుకున్నాను. అడుగుదామనిపించింది. వాళ్ళకు తెలియదా అని ఊరుకున్నాను.

పూర్విక సంగతి చెప్పాలి. నాలుగేళ్ళు నిండవస్తున్నాయి. ఇంట్లో నోరు మూయదు. గోడ మీద బల్లికి కూడా పాఠం చెబుతుంది. అంగన్‌వాడీలో నేర్పిన పాటలన్నీ అభినయంతో సహా పాడుతుంది. కానీ అంగన్‌వాడీ గడప దాటి లోపలికి వెళ్తే ఒక్క మాట లేదు. ఐదు నెలలుగా టీచరు గానీ పిల్లలు గానీ దాని గొంతు విని ఎరగరు. దాహం వేసినా అడగదు. అలాంటి పిల్లల్ని శ్రీకాకుళంలో పరీక్షకు పంపాలట. ఏప్రిల్ మొదటి సోమవారం రమ్మని చీటీ ఇచ్చారు. అదేం శిక్ష కాదు, సాయం చేయడానికేనని మైథిలి గారు ఎన్నిసార్లు చెప్పినా నా చెవికెక్కలేదు. అక్కడ నోరు విప్పకపోతే బుద్ధి ఎదగలేదని కాగితం మీద రాసేస్తారు. ఆ కాగితం బడికి వస్తుంది, పెళ్ళికి వస్తుంది, చచ్చేదాకా వెంట వస్తుంది. ఆ సోమవారం లోపు నా బిడ్డ అక్కడ ఒక్క మాట మాట్లాడితే చాలని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

నేను ముందునుంచీ భయస్తురాలినే గానీ, పూర్విక ఏడు నెలల కడుపులో ఉండగా వచ్చిన తుపాను తర్వాత అది మరీ ముదిరింది. ఆ రోజు మా ఇంటి పైరేకు ఎగిరిపోతే, మంచం కింద పొట్ట పట్టుకుని తెల్లారేదాకా పడుకున్నాను. అప్పటినుంచీ గచ్చు మీద తడి కనబడితే పిల్ల తల పగిలినట్టే కనబడుతుంది. పల్లీగింజ చూస్తే గొంతుకు అడ్డం పడినట్టు కనబడుతుంది. కొట్టుదాకా వెళ్ళినా పిల్ల చేయి వదలను. మా ఆయన తవిటయ్య సరుకుల ఆటో నడుపుతాడు. "నీ భయాలకి ఈ ఇల్లు సాలదు. అయ్యి ఇందులో ఉంటాయి, మనం ఏరే అద్దెకి పోదుం" అంటాడు.

రోజూ తొమ్మిదికి పూర్వికను లోపల కూర్చోబెట్టి, నేను అంగన్‌వాడీ కిటికీ దగ్గర నిలబడతాను. తొమ్మిదిన్నరకు ఫ్యాక్టరీ గంట కొట్టేదాకా అక్కడే. అన్నం వేళకు అందరూ క్యారేజీలు విప్పుకుంటుంటే నేను పరుగున వచ్చి మళ్ళీ అదే కిటికీ. దానికి నేనున్నానన్న ధైర్యం ఉండాలని. ఉన్నంతసేపూ నా కళ్ళు దాని మీదే. అదీ మాటిమాటికీ ఎడమవైపున్న కిటికీకి మెడ తిప్పి నన్ను చూసుకునేది.

పట్టీ వచ్చిన మూడు వారాల్లో అంగన్‌వాడీ రూపే మారింది. ఏ పిల్ల ఎందుకు మూలిగిందో టీచరుకు ముందే తెలిసిపోయేది. కొట్టుకునే పిల్లలు కొట్టుకోబోయే ముందే విడిపోయేవాళ్ళు. నిద్ర వచ్చినవాళ్ళకు పాట, ఉషారుగా ఉన్నవాళ్ళకు ఆట. పూర్విక దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం టీచరు ఏమీ అడిగేవారు కాదు. చక్రం తిప్పుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, దాని పక్కన ఊరికే కూర్చునేవారు. రెండో వారానికి నా బిడ్డ ఆవిడ చీర చెంగు పట్టుకుంది. మూడో వారం ఒకసారి పెదవులు కదిపింది. నేను కిటికీ ఊచల మధ్య మొహం పెట్టేశాను.

అయితే ఇంకోటి కూడా నేనే ముందు చూశాను. సాంబారు వడ్డించేటప్పుడు టీచరు గరిటె వణుకుతోంది. పిల్లలందరూ నవ్వుతున్నప్పుడు ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నిలుస్తున్నాయి. ఒకరోజు పెరట్లో గోడకు ఆనుకుని వాంతి చేసుకుంటున్నారు. ఫ్యాక్టరీ బల్ల దగ్గర ఈ మాట చెబితే ఢిల్లీ తల్లి లావణ్య నవ్వింది. "నీకు సీమ కుట్టినా అంబులెన్సు రావాల కదేటే" అంది. మిగతావాళ్ళూ నవ్వారు. రోజూ ఏదో ఒకటి కూలుతుందని చెప్పేదాన్ని ఎవరు నమ్ముతారు? నా మాట నేనే నమ్మలేదు.

ఆ బుధవారం టీకాలు. నర్సమ్మ సంచీ విప్పగానే మొదటి పిల్ల ఏడుపు మొదలెట్టింది. దాన్ని చూసి రెండోది, ఆ రెంటినీ చూసి మిగతావి. సూది కొందరికే గానీ భయం ఇరవై ఆరు మందికీ. పని గంటలన్నీ పట్టీ చేతికే ఉండాలని ఫారంలో రాసి ఉందట. టీచరు తీయలేదు. చక్రం సున్నా దగ్గరే ఉంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆవిడ గది మధ్యలో నిలబడి, పిల్లల్ని దగ్గరికి తీసుకోవడానికి చేతులు చాపారు. ఆ చాపిన చేతులు అలాగే బిగుసుకుపోయాయి. మోకాళ్ళ మీద కూలబడ్డారు. చీర తడిసింది. నలభై ఏళ్ళ మనిషి, మా అందరికీ ఉత్తరాలూ దరఖాస్తులూ రాసిపెట్టే మనిషి, మూడేళ్ళ పిల్ల గొంతుతో "అమ్మా, ఒద్దమ్మా" అని ఏడ్చారు.

గున్నమ్మ వంటగదిలోంచి వచ్చి ముందు పట్టీ పీకి పారేసింది. తర్వాత తన పైటకొంగు సగం విప్పి ఆవిడ నడుము చుట్టూ కప్పింది. ఎవరూ చూడకూడదని.

ఏళ్ళ తరబడి ఇలాంటివే ఊహించుకున్న నేను కిటికీ దగ్గర కొయ్యబారిపోయాను.  పూర్విక టీచరును చూడలేదు, సూదిని చూడలేదు. నన్నే చూస్తోంది.

మర్నాడే మైథిలి గారు వచ్చారు. తల్లులందరం గుమ్మంలో నిలబడ్డాం. ఆవిడ ఫైలు విప్పి ఫారం తీశారు. తీసి, దాని మీద వేలు పెట్టి చూపిస్తూ చెప్పుకొచ్చారు. ఆ మంచు దేశాల్లో ఒక మనిషికి నలుగురే పిల్లలట. అదీ ఇరవై నిమిషాలు. తర్వాత పట్టీ విప్పి ఇంకొకరికి ఇచ్చి, బయటికి వెళ్ళి కాసేపు నడిచి రావాలట. సున్నా అంకె నలుగురి కోసం పెట్టినది. ఇక్కడ ఫారంలో ‘కార్యకర్త పేరు’ అని ఒక్కటే గడి ఉంది. అందులో ఊర్మిళ పేరు రాశారు. పక్కన ‘పిల్లల సంఖ్య’ అనే గడిలో ఇరవై ఆరు అని రాశారు. రెండు గడులూ నిండాయి, ఎవరికీ తప్పు కనబడలేదు.

గున్నమ్మ పీట మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అడిగింది. "పద్దెనిమిదేళ్ళయ్యింది నానీడ సేరి. ఆ గడిలో నా పేరేది డాట్రమ్మా?"

"ఆయాకు గడి లేదు గున్నమ్మా" అన్నారు మైథిలి గారు మెల్లగా. "అక్కడ పిల్లల్ని ముట్టుకునే ప్రతి మనిషినీ లెక్కలో వేస్తారు. నేను వాళ్ళ పుస్తకంలో ప్రతి వాక్యం మన భాషలోకి మార్చాను గానీ, ఈ గదిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టలేదు. తప్పు నాది."

ఫొటోల్లో నలుగురేసి ఉన్నారని నేను లెక్కపెట్టానని అప్పుడు చెప్పాను. చెప్పడానికి నోరు ఎలా వచ్చిందో తెలియదు.  ఆ రోజే ఎందుకు అడగలేదని ఆవిడ అనలేదు. పట్టీనీ బిళ్ళలనూ పెట్టెలో సర్దమని తన మనిషికి చెప్పారు.

ఆ సాయంత్రం టీచరును చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. వీధి అరుగు మీద కుర్చీలో కూర్చున్నారు. మనిషి సగమైపోయారు. నేను తెచ్చిన బత్తాయిలు ఒళ్ళో పెట్టుకుని, నాతో మాట్లాడుతూనే మాటిమాటికీ మెడ తిప్పి ఎడమవైపు చూస్తున్నారు. ఎడమవైపు గోడ తప్ప ఏమీ లేదు.

"నీకు చెప్పాలో వద్దో తెలీటం లేదు దమయంతీ" అన్నారు. "అందరిదీ దిగిపోయింది. ఢిల్లీది, లోకేషుది, అందరిదీ. ఒక్కటి దిగటం లేదు. ఇలగ చూస్తే గాని ఊపిరాడదు. ఎవులో ఉన్నారు అక్కడ, వాళ్ళకేటో అయిపోతాది, నేను చూడకపోతే అయిపోతాది అనిపిస్తోంది. ఇది మీ పూర్వికది."

ఏమంటున్నారో అర్థం కాలేదు. తెలిసిందల్లా ఒక్కటే. నా బిడ్డ లోపల ఏదో ఉంది, అది ఒక పెద్దమనిషిని ఈ స్థితికి తెచ్చింది. ఇంటికి వచ్చి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కడుపులో ఏముందమ్మా అని అడిగాను. "ఇడ్లీ" అంది. ఆ నవ్వులో నాకేమీ కనబడలేదు. తెలుసుకోవాలంటే ఇంక ఒక్కటే దారి ఉంది. ఆ దారి పెట్టెలో పెట్టి తాళం వేసేస్తున్నారు.

ఫ్యాక్టరీలో మాకొక పద్ధతి ఉంది. పప్పు ఎండబెట్టే వేడి గది పక్కనున్న బల్ల దగ్గర అరగంటకు మించి ఎవరూ కూర్చోలేరు. మొహం కాలిపోతుంది. అందుకని గోడ గడియారం చూసుకుని మాలో మేమే మారిపోతాం. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరి పేరూ రాయక్కర్లేదు. లేచిన మనిషి బయటికి వెళ్ళి మొహం కడుక్కుని, చల్లటి బల్ల దగ్గర కూర్చుంటుంది. మర్నాడు పెట్టెకు తాళం వేస్తుంటే మైథిలి గారితో ఆ సంగతి చెప్పాను. పట్టీ కూడా వేడి బల్ల లాంటిదే కదమ్మా, అందరం మారితే సరిపోదా అన్నాను. గున్నమ్మ ముందు తన పేరు చెప్పింది. లావణ్య చెప్పింది. ఏడుగురం అయ్యాం. ఫ్యాక్టరీ మేస్త్రీని బతిమాలి పొద్దున్నా అన్నం వేళా వంతులు వేసుకున్నాం. ఒకరికి నలుగురు పిల్లలు, ఇరవై నిమిషాలు, తర్వాత వీధి చివరిదాకా నడక. మైథిలి గారు పిల్లలకు బిళ్ళలు మళ్ళీ అంటించి, సున్నా అంకె మీద టేపు వేసేశారు.

ఒక్క షరతు పెట్టారు. ఏ తల్లీ తన బిడ్డ అంకె తిప్పకూడదు. మిగతా దేశాల్లోనూ అదే నియమమట. ఎందుకో చెప్పలేదు.

నా మొదటి వంతులో నా చేతికి ఢిల్లీ వచ్చింది. చక్రం పదకొండు దగ్గర ఆగింది. ఆ పిల్ల అంగన్‌వాడీ మెట్ల మీద నిలబడి ఉంది. మూడు మెట్లు. కింద సిమెంటు. దూకబోతోందని తెలిసి నేను కెవ్వుమనబోయాను. అంతలోనే నా అరికాళ్ళు దురదపెట్టాయి. పొట్టలో ఏదో లేచింది, నవ్వులాంటిది. దూకింది. పడింది. మోకాలు చెక్కుకుంది. ఆ మంట నాకూ తెలిసింది, మంట వెనకే మళ్ళీ ఎక్కాలన్న తొందర కూడా తెలిసింది. భయం ఎక్కడైనా ఉందేమోనని ఒళ్ళంతా వెతుక్కున్నాను. లేదు. ఒక్క ముక్క లేదు. ముప్ఫై ఏళ్ళొచ్చాయి నాకు, మనిషి ఒళ్ళు భయం లేకుండా కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది. నడవడానికి వీధి చివరికి వెళ్ళి, కరెంటు స్తంభం పక్కన నిలబడి ఏడ్చాను.

నాలుగో రోజు షరతు తప్పాను. గున్నమ్మ గుడ్లు ఉడికించుకుంటోంది. పూర్విక నాకు వీపు పెట్టి కూర్చుని పూసలు గుచ్చుతోంది. నేను లోపలికి వచ్చినట్టు అది చూడలేదు. చక్రాన్ని దాని అంకె పంతొమ్మిదికి తిప్పాను.

మొదట ఏమీ లేదు. వేళ్ళ కొసల్లో పూస నునుపు, అంతే. నిమ్మళంగా, నీళ్ళల్లో చెయ్యి పెట్టినట్టు ఉంది. నా బిడ్డలో ఏమీ లేదని ఊపిరి పీల్చుకోబోయాను. అప్పుడే బయట వీధిలో ఎవరివో చెప్పుల చప్పుడయింది. పూర్విక తల ఎత్తి కిటికీ వైపు చూసింది.

పొట్ట కింద ముడి పడింది. గుండె మీద బరువు కూర్చుంది. నాలుక అంగిటికి అంటుకుపోయింది. ఆ ముడి నాకు తెలుసు. ఆ బరువు నాకు తెలుసు. మంచం కింద తెల్లవార్లూ పొట్ట పట్టుకుని పడుకున్నప్పటినుంచీ నేను మోస్తున్నదే అది. నా చీర నాకు తెలియదా? కానీ అందులో నాకు తెలియనిది ఇంకొకటి ఉంది. తన కోసం కాదు ఆ భయం. కిటికీలో ఉండే మనిషి కోసం. ఆ మనిషి మొహం ఎప్పుడూ ఏదో జరగబోతున్నట్టే ఉంటుంది. ఆ మనిషి ఊచలు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆమెకు ఏదైనా అయిపోకుండా చూస్తూ ఉండాలి. మాట్లాడితే చూపు తప్పిపోతుంది.

నా బిడ్డ అక్కడ ఐదు నెలలుగా నాకు కాపలా కాస్తోంది.

పట్టీ విప్పి పీట మీద పెట్టాను. నడకకు వెళ్ళలేదు. మైథిలి గారికి ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. చాలామంది తల్లులు ఆ పని చేశారని, అందుకే ఆ షరతు వచ్చిందని చెప్పారు. కొందరు ఆ తర్వాత పిల్లను దగ్గరికి తీసుకోవడానికి కూడా జంకారట. మరి నేనేం చెయ్యాలమ్మా అని అడిగాను. 

"పరిశోధనల్లో రాసిన సంగతి చెప్పగలను గాని దమయంతీ, ఇది నీకిప్పుడు నాకన్నా బాగా తెలుసు" అన్నారు.

ఇంట్లో చెప్పినప్పుడు తవిటయ్య ఎగతాళి చేయలేదు. అన్నం కలుపుతూ చెయ్యి ఆపేశాడు. "మరైతే రేపటినుంచి ఆ కిటికీకాడికి పోకు" అన్నాడు. అతనికి అది తేలిక. కిటికీ దగ్గర లేకపోతే నాకు ఏమవుతుందో అతనికి పట్టీ కట్టి చూపించాలి.

మర్నాడు గడప దగ్గర కూర్చుని పూర్విక రెండు చేతులూ పట్టుకున్నాను. ఏడవకూడదు. నవ్వు తెచ్చిపెట్టుకోనూ కూడదు, అది పసిగట్టేస్తుంది. ఢిల్లీ మెట్టు మీద నిలబడినప్పుడు నా అరికాళ్ళల్లో పుట్టిన దురదను గుర్తుచేసుకున్నాను. కాస్త ధైర్యం అరువు వచ్చింది.

"అమ్మ పనికి పోతాది. కిటికీ కాడ ఉండదు. అన్నం తినేసి, బొబ్బుని లెగిసినాక వస్తాది" అన్నాను.

"నీకు భయమెయ్యదా?" అంది.

అబద్ధం చెప్పలేదు. "ఏస్తాది. ఏసినా ఏటీ అవదు నాకు. ఆ బల్లకాడ లావణ్యత్త ఉంటాది, అందరూ ఉంటారు. నన్ను నువ్వు సూడక్కర్లేదు."

అది నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, నమ్మొచ్చా అన్నట్టు. నేను లేచి నడిచాను. వెనక్కి తిరగలేదు. అంగన్‌వాడీ నుంచి ఫ్యాక్టరీకి వంద గజాలు ఉంటుందేమో, ఆ వంద గజాల్లో నా బిడ్డ ఎన్నిసార్లు చచ్చిపోయిందో నేను రాయలేను.

ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. నా వంతులు మానుకోలేదు గానీ, పూర్విక లేని పక్క గదిలో చిన్నపిల్లలవి తీసుకున్నాను. ఊర్మిళ టీచరు రోజుకు ఒక గంట వచ్చి పట్టీ లేకుండా కూర్చుంటున్నారు. ఇంకా అప్పుడప్పుడు ఎడమవైపు మెడ తిప్పుతున్నారు. నన్ను చూసి తప్పుచేసినట్టు నవ్వుతారు, తప్పంతా నాదే అయినా. పూర్విక మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఇంట్లో అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. అడగలేదు. ఏప్రిల్ సోమవారానికి ఇంక నాలుగు రోజులు.

తొమ్మిదో రోజు పదకొండున్నరకు ఫ్యాక్టరీ గేటు దగ్గర గున్నమ్మ కనబడింది. ఆ మనిషి వంట వదిలి ఎప్పుడూ రాలేదు. చేతికి పట్టీ అలాగే ఉంది. పొట్టు నిండిన ఒడితో పరుగెత్తాను. నూతిలో పడిందా, పూస మింగిందా, కుక్క కరిచిందా. గున్నమ్మ నన్ను పట్టించుకోకుండా కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. మూతి తుడుచుకుంది.

"ఏటత్తా, ఏటయ్యింది, సెప్పు" అన్నాను.

"నీ కూతురు అరిసింది."

నాకు అర్థం కాలేదు.

"ఢిల్లీది దీని పీట మీద కూకుంది. లెగు, ఇది నాది అన్నాది ఇది. అది ఇనలేదు. రెండోపాలి అన్నాది సూడు, నా సేతిలో గరిట జారిపోనాది. ఆ ఊర్మిళమ్మ కూడా ఉన్నాది, నోరెళ్ళబెట్టీసింది. తర్వాత ఇద్దరూ జుట్లు పట్టుకున్నారులే. ఇడదీసి ఒచ్చినాను."

బల్లల దగ్గర ఆడవాళ్ళందరూ చేతులు ఆపేశారు. నేను ఆ మాట వినలేదు. ఐదు నెలలు ఎదురుచూసిన మాట వంద గజాల అవతల అయిపోయింది. వినాలని ఎంత కోరికగా ఉన్నా, నేనక్కడ ఉండి ఉంటే ఆ మాట వచ్చేది కాదు. గున్నమ్మ చేతి పట్టీ వైపు చూశాను. చక్రం పంతొమ్మిది దగ్గర ఉంది.

"అప్పుడు దాని లోపల ఏటుంది అత్తా?" అని అడిగాను.  "గుండె మీద బరువేటైనా... పొట్టలో ముడేటైనా..."

గున్నమ్మ కళ్ళు మూసుకుని, గుర్తు తెచ్చుకుంటున్నట్టు పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"ఆకలి" అంది. "ఉత్త ఆకలి. గుడ్డెప్పుడెడతారా అని. నాకూ ఏసీసింది, పోయి రెండు గుడ్లు తినీసినాను."

లావణ్య నవ్వింది. దాంతో అందరూ నవ్వారు. గున్నమ్మ పొయ్యి మీద పప్పు మాడిపోతుందంటూ వెళ్ళిపోయింది. గేటు తీసే ఉంది. మేస్త్రీ నా వైపు చూసి, పోయి చూసి రావే అన్నట్టు తల ఆడించాడు. అన్నం గంటకు ఇంకా అరగంట ఉంది. నేను బల్ల దగ్గరికి వెళ్ళి నా చోట్లో కూర్చుని, పప్పు చేతిలోకి తీసుకున్నాను. ఆ అరగంటా అక్కణ్ణుంచి లేవలేదు. గంట కొట్టాక కూడా లేవలేదు.